పెద్ద టైర్లకు బ్యాలెన్సింగ్: సీసమా, పూసలా, రింగులా?

థార్‌కో గూర్ఖాకో కంపెనీ టైర్లు తీసేసి 33 అంగుళాల మడ్ టైర్లు వేయించుకున్నాక, ఊళ్లో తిరిగినంతసేపూ ఏ తేడా తెలియదు. నెల్లూరు దాటి ఒంగోలు వైపు హైవే ఎక్కి 80 మీదికి తీసుకెళ్లినప్పుడు బయటపడుతుంది. స్టీరింగ్ చేతుల్లో వణుకుతుంది, డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను జారిపోతుంది. షాపుకు తీసుకెళ్తే బ్యాలెన్సింగ్ అని, అంటే చక్రం చుట్టూ బరువు సమం కావడానికని, రిమ్ముకు నాలుగు సీసపు బరువులు కొట్టి పంపిస్తారు. వారం తిరక్కముందే మళ్లీ అదే వణుకు. ఇక ఆ తర్వాత సలహాలకు కొదవుండదు. టైరు లోపల పూసలు పోయించమనేవాళ్లు కొందరు, చక్రం బిగించే హబ్బుకు రింగులు పెట్టించమనేవాళ్లు ఇంకొందరు. పెద్ద టైరన్నాక ఆ మాత్రం ఊగుడు తప్పదు, సర్దుకోమనేవాళ్లూ ఉంటారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి బండ్లు నడిపేవాళ్లలో ఎక్కువమందికి మామూలు మెషీన్ బ్యాలెన్సింగే సరిపోతుంది. కాకపోతే చక్రాన్ని మెషీన్ మీద సరిగ్గా నడిమధ్యకు కూర్చోబెట్టి చేయాలి. పూసలకూ రింగులకూ వాటి చోటు ఉంది గానీ, చాలామంది వాటి జోలికి వెళ్లేది మొదటి పని సరిగా జరగకపోవడం వల్లే.

కొంచెం లెక్క చూడాలి. థార్‌కు వచ్చే 255/65 ఆర్18 టైరు వ్యాసం దాదాపు 31 అంగుళాలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 11 సార్లు తిరుగుతుంది. రిమ్ము అంచున ఒకవైపు 60 గ్రాములు ఎక్కువున్నా, ఆ వేగంలో యాక్సిల్ మీద సుమారు 7 కిలోల లాగుడు సెకనుకు 11 సార్లు పడుతుంది. అదే బండి 50లో పోతుంటే ఆ లాగుడు రెండు కిలోల లోపే, ఎందుకంటే వేగం సగమైతే ఈ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఊళ్లో తెలియని వణుకు హైవే మీద తెలియడానికి కారణం ఇదే. చేలగట్ల మీదే తిరిగే బండికి బ్యాలెన్సింగ్ గురించి టెన్షన్ అక్కర్లేదనేది కూడా ఇందులోంచే వస్తుంది.

ఇంకో సంగతి. బరువు తేడా రెండు రకాలుగా ఉంటుంది. చక్రం చుట్టూ ఒకచోట బరువెక్కువైతే అది పైకీ కిందికీ ఎగురుతుంది. లోపలి వైపుకూ బయటి వైపుకూ మధ్య తేడా ఉంటే పక్కలకు ఊగుతుంది. టైరు వెడల్పు పెరిగేకొద్దీ ఈ రెండో రకం ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పన్నెండున్నర అంగుళాల వెడల్పు టైరు వేసుకున్నవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఏ పద్ధతి దేన్ని సరిచేస్తుందన్నదే ఇక్కడ అసలు పోలిక.

డబ్బు పెట్టకముందు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు అసలు వానలు. ఆ రోజుల్లో ప్రకాశం వైపు రేగడి చేలల్లో ఒకసారి దిగి వచ్చిన బండి రిమ్ముల లోపలి వైపు చూడండి. మట్టి అరచేయంత మందాన పట్టి ఉంటుంది. బయటికి కనిపించే వైపు కడిగేస్తాం, లోపలిది ఎండి రాయిలా అతుక్కుపోతుంది. పావుకిలో మట్టి ఒకేచోట పట్టిందంటే 100 వేగంలో పాతిక కిలోల లాగుడు. ఇది పెట్టుకుని షాపుకెళ్తే ఆ మట్టికి సరిపడా బరువులు కొడతారు. తర్వాత వానకు మట్టి రాలిపోతే ఆ బరువులే కొత్త జబ్బు. కాబట్టి చక్రాలు విప్పించి లోపల గట్టి నీళ్ల ధారతో కడిగించడం మొదటి పని. ట్రెడ్డు సందుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు కూడా స్క్రూడ్రైవరుతో పీకేయాలి.

తర్వాత జాకీ వేసి చక్రం లేపి, ట్రెడ్డుకు దగ్గరగా ఒక కర్ర ముక్కను కదలకుండా నిలబెట్టి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. కర్రకూ టైరుకూ మధ్య సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే టైరు గుండ్రంగా లేదు, లేదా రిమ్ము వంగింది. ఆ తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే బరువులు గానీ పూసలు గానీ ఏమీ చేయలేవు. బరువు సమంగా ఉన్నా గుండ్రంగా లేని చక్రం ఎగురుతూనే ఉంటుంది. పాత జీపుల్లో నైలాన్ టైర్లు ఉన్నవాళ్లకు పొద్దున్నే మొదటి నాలుగైదు కిలోమీటర్లు దడదడమని, ఆ తర్వాత సర్దుకోవడం అలవాటే. రాత్రంతా నిలబడితే టైరు కింద చదును పడుతుంది, వేడెక్కాక పోతుంది. దానికి బ్యాలెన్సింగ్‌తో పని లేదు.

జిమ్నీ, జిప్సీ, పాత మహీంద్రా జీపులు ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. వీటికి ముందు యాక్సిల్ ఒకే ముక్క. ఒక వేగం దగ్గర మొదలై, ఇంకొంచెం పెంచితే తగ్గే వణుకు బ్యాలెన్సింగ్‌ది. గుంటలో పడగానే మొదలై, బ్రేకు వేసి బాగా నెమ్మదిస్తే గానీ ఆగని స్టీరింగ్ ఊగుడు వేరే జబ్బు. ముందు యాక్సిల్‌నూ స్టీరింగ్‌నూ కదలకుండా పట్టి ఉంచే ట్రాక్ రాడ్ బుష్షులు, కింగ్‌పిన్ బేరింగులు, స్టీరింగ్ డ్యాంపరు చూపించాలి. వదులుగా ఉన్న బుష్షు చిన్న బరువు తేడాను కూడా పెద్దది చేసి చూపిస్తుంది, అందుకే కొత్తగా బ్యాలెన్స్ చేయించినప్పుడు కొన్నాళ్లు బాగున్నట్టు అనిపించి మోసం చేస్తుంది.

మెషీన్ మీద బరువులు

ఇది అందరికీ తెలిసిన పద్ధతి. చక్రాన్ని షాఫ్టుకు బిగించి తిప్పితే లోపలి వైపు ఇంత, బయటి వైపు ఇంత అని గ్రాముల్లో చూపిస్తుంది. రెండు వైపులా విడివిడిగా చూపిస్తుంది కాబట్టి ఎగురుడునూ పక్క ఊగుడునూ రెండింటినీ సరిచేయగలదు. ఈ ఒక్క గుణంలో మిగతా పద్ధతులేవీ దీనికి సాటి రావు.

మరి పెద్ద టైర్లకు ఎందుకు తేడా కొడుతుంది? ఎక్కువసార్లు తప్పు మెషీన్‌ది కాదు, కూర్చోబెట్టడంలో ఉంటుంది. 33 అంగుళాల మడ్ టైరు, ఇనుప రిమ్ము కలిపితే 40 కిలోల దాకా తూగుతుంది. దాన్ని ఒక కుర్రాడు ఒక్కడే ఎత్తి షాఫ్టు మీద వేసి, ముందు నుంచి కోన్ (మధ్య రంధ్రంలో దూరి చక్రాన్ని నడిమధ్యకు తెచ్చే శంకువు ముక్క) పెట్టి నట్టు తిప్పేస్తే, చక్రం తన బరువుకు కిందికి వాలి కాస్త పక్కకు కూర్చుంటుంది. 40 కిలోల చక్రం 16 అంగుళాల రిమ్ముతో అర మిల్లీమీటరు పక్కకు జరిగినా మెషీన్‌కు అది దాదాపు 100 గ్రాముల తేడాగా కనిపిస్తుంది. లేని తేడాకు 100 గ్రాములు కొట్టించుకుని ఇంటికొస్తాం. చిన్న కారు చక్రానికైతే ఇదే పొరపాటు నలభై గ్రాముల లోపు ఉండి ఎవరికీ తెలియకుండా పోయేది.

దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. బరువులు వేసి మెషీన్ రెండువైపులా సున్నా చూపించాక, నట్టు వదులు చేసి, షాఫ్టును కదలనీయకుండా చక్రాన్ని మాత్రం సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమనండి. మళ్లీ సున్నాకో, పది పదిహేను గ్రాముల లోపుకో వస్తే పని బాగా జరిగినట్టు. యాభై, వంద చూపిస్తే మొదటిసారో రెండోసారో పక్కకు కూర్చుంది, పని అంతా మళ్లీ చేయాల్సిందే. "అన్నా, ఒకసారి తిప్పి పెట్టి చూపించు" అని మర్యాదగా అడిగితే చాలామంది చేస్తారు. విసుక్కునే షాపు అయితే పెద్ద టైరు అక్కడ పెట్టకపోవడమే మంచిది.

కోన్ విషయం కూడా అడగాలి. కంపెనీ రిమ్ములకు మధ్య రంధ్రం హబ్బుకు సరిపోయేలా కచ్చితంగా చేసి ఉంటుంది కాబట్టి, స్ప్రింగుతో లోపలి వైపు నుంచి కోన్ పెట్టి ముందు నుంచి కప్పుతో బిగిస్తే బాగా కూర్చుంటుంది. బయట కొన్న రిమ్ములు చాలా బండ్లకు పనికొచ్చేలా మధ్య రంధ్రం పెద్దగా చేస్తారు. అవి బండి మీద నట్ల వల్లే మధ్యకు వస్తాయి. అలాంటి రిమ్మును కోన్‌తో కూర్చోబెట్టినా, మెషీన్ చూసే మధ్య ఒకటి, బండి మీద వచ్చే మధ్య ఒకటి అవుతుంది. నట్ల రంధ్రాల్లోకి వేళ్లలా దూరే ప్లేటు ఒకటి దొరుకుతుంది, షాపులో అది ఉందా అని అడగండి. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ టైరు షాపు ఎంచుకునేటప్పుడు ఏసీ గదీ కాఫీ మెషీనూ చూడకండి, ఈ ప్లేటు చూడండి. రోడ్డు మీద టైరు పడే ఒత్తిడిని రోలరుతో నొక్కి కొలిచే రోడ్ ఫోర్స్ రకం మెషీన్ దగ్గర్లో ఉంటే ఇంకా మేలు. అది గుండ్రంగా లేని టైరును, మెత్తగా గట్టిగా ఉన్న చోట్లను కూడా పట్టిస్తుంది.

బరువులు కొట్టే ముందు టైరును రిమ్ము మీద సరైన చోట కూర్చోబెట్టారో లేదో చూడాలి. కొత్త టైరు పక్క గోడ మీద పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వు దగ్గరికి తేవాలి. ఎర్ర చుక్క కూడా ఉండి, రిమ్ము మీద దానికి తగిన గుర్తు ఉంటే ఆ రెండింటినీ కలపడం ఇంకా మంచిది. మెషీన్ ఒకవైపే 150 గ్రాముల పైన అడుగుతుంటే, బరువుల మీద బరువులు పేర్చకుండా గాలి తీసి, టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పించండి. చాలాసార్లు అడిగే బరువు సగానికి పడిపోతుంది. ఇది శ్రమ పని, షాపువాళ్లకు ఇష్టముండదు. అదనంగా కూలి ఇస్తానని ముందే చెప్పండి, అది దండగ ఖర్చు కాదు.

ఇక మన నేలకు బరువులు ఎలా నిలుస్తాయన్నది. అంచుకు కొట్టే క్లిప్పు బరువులు గట్టివే గానీ, ఉదయగిరి చుట్టుపక్కల రాళ్ల బాటల్లో బయటి అంచువి రాళ్లకు గీసుకుని ఊడిపోతాయి. చీమకుర్తి క్వారీల్లో గ్రానైటు ముక్కల మధ్య తిరిగే క్యాంపర్ పికప్ బండ్లకూ ఇదే గతి. అతికించే బరువులకు ఉప్పునీళ్లూ బురదా శత్రువులు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఇనుప రిమ్ము తుప్పు పట్టి, తుప్పు పొరతో సహా బరువు రాలిపోతుంది. అందుకని లోపలి అంచుకు క్లిప్పు, బయటి వైపుకు రిమ్ము కడ్డీల వెనకాల అతికించే రకం వేయించుకోవడం మేలు. అతికించే చోట తుప్పు గీకించి, థిన్నరుతో తుడిపించి, ఆరాక పెట్టించాలి. దాని మీద అల్యూమినియం టేపు ఒక పట్టీ వేస్తే బురద తీసేటప్పుడు నీళ్ల ధారకు ఊడదు. బరువు బ్రేకు క్యాలిపరుకు తగలకుండా సందు ఉందో లేదో చక్రం చేత్తో తిప్పి చూసుకోండి.

పూసలు

గాజు, సెరామిక్, ప్లాస్టిక్ పూసలు టైరు లోపల పోసి వదిలేస్తారు. 33 అంగుళాల టైరుకు సుమారు 170 నుంచి 230 గ్రాములు పడతాయి, కచ్చితమైన కొలత ప్యాకెట్ మీద పట్టికలో ఉంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు అవి కిందే దొర్లుతూ గలగలమంటాయి. వేగం పెరిగాక లోపలి గోడకు అతుక్కుని తిరుగుతాయి. బరువెక్కువ ఉన్న వైపుకు చక్రం ఊగుతున్నప్పుడు, ఒక వేగం దాటాక పూసలు దానికి ఎదురు వైపుకు జరుగుతాయి. బండి ఆగితే కింద పడతాయి, మళ్లీ కదిలితే మళ్లీ సర్దుకుంటాయి.

దీని లాభాలు నిజమైనవే. బరువు రిమ్ము దగ్గర కాకుండా ట్రెడ్డు దగ్గర పనిచేస్తుంది. ఇరుసు నుంచి ట్రెడ్డు దూరం రిమ్ము దూరానికి దాదాపు రెట్టింపు కాబట్టి, సగం బరువుతోనే అదే పని అవుతుంది. టైరు అరిగేకొద్దీ తేడా మారినా, రిమ్ముకు కొంచెం మట్టి పట్టినా తమంతట తామే సర్దుకుంటాయి. మెషీన్ మీద పక్కకు కూర్చునే గొడవ అసలే లేదు, ఎందుకంటే బ్యాలెన్స్ జరిగేది బండి మీదే. బీడ్‌లాక్ రిమ్ములు (టైరు అంచును బోల్టులతో బిగించి పట్టేవి) వేసుకున్నవాళ్లకు బయటి అంచున క్లిప్పు కొట్టే చోటే ఉండదు కాబట్టి పూసలు వాళ్లకు సహజమైన ఎంపిక.

నష్టాలూ అంతే నిజం. పూసలు ట్రెడ్డు లోపలి మధ్య భాగంలోనే ఉంటాయి కనుక పక్క ఊగుడును బాగా సరిచేయలేవు. వెడల్పు టైరుకే అది ఎక్కువ కావాలి. గుంట పడ్డప్పుడల్లా చెదిరి, మళ్లీ కుదురుకోవడానికి కాసేపు పడుతుంది. అయినా మన దగ్గర అసలు చిక్కు ఇంకోటి ఉంది: సర్కారు తుమ్మ.

ఈ రెండు జిల్లాల్లో సర్కారు తుమ్మ లేని చెరువు గట్టు, పోరంబోకు, కాలవ గట్టు చూపించమంటే కష్టం. దాని ముల్లు పక్క గోడలోకి కూడా దిగుతుంది. అంటే పంక్చరు ఎప్పటికైనా పడేదే. దారిలో ఉన్న పంక్చరు షాపులో టైరు విప్పగానే లోపలి పూసలన్నీ నేల మీద పోతాయి, వాటిని ఎవరూ ఏరి తిరిగి పోయరు. విప్పకుండా స్ట్రిప్పు దూర్చినా, దాని జిగురుకు పూసలు అంటుకుని ఒకేచోట ముద్ద కడతాయి. పంక్చర్లు ఆపుతుందని ఎవరో సీలెంట్ పోశారంటే ఇక చెప్పేదేముంది, పూసలూ సీలెంటూ కలిసి పనికిరాని ముద్ద అవుతాయి. పూసలే వేసుకుంటే రిమ్ము మీద వాల్వు పక్కన 'లోపల పూసలున్నాయి' అని పెయింటుతో రాయించండి. హాస్యం కాదు, చాలా పనికొస్తుంది.

తేమ రెండో చిక్కు. సముద్రపు గాలికి మన కంప్రెసర్ల ట్యాంకుల్లో నీళ్లు చేరతాయి. రోజూ కింది ట్యాపు తిప్పి ఆ నీళ్లు వదిలే షాపులు తక్కువ. తడి గాలి టైరులోకి పోతే పూసలు ఒకదానికొకటి అంటుకుంటాయి, పొడి రూపంలో దొరికే రకమైతే ఇంకా త్వరగా గడ్డకడుతుంది. మైపాడు వైపు, కొత్తపట్నం వైపు ఇసుక బాటల్లో దిగడానికి గాలి 15, 18 పీఎస్‌ఐకి దించి, తిరిగొచ్చాక ఎక్కించే అలవాటున్నవాళ్లకు ప్రతిసారీ ఈ తడి గాలే. గాలి తీసేటప్పుడు పూస ఒకటి వాల్వులో ఇరుక్కుంటే గాలి కారుతూనే ఉంటుంది. జల్లెడ ఉన్న వాల్వు పిన్ను వాడి, వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని నిలిపి గాలి తీస్తే ఈ బెడద తగ్గుతుంది. చక్రం లోపల గాలి ఒత్తిడి సెన్సర్లు ఉన్న బండ్లలో పూసలు సెన్సరు రంధ్రాన్ని అడ్డుకునే అవకాశం కూడా చూసుకోవాలి.

అమెరికాలో జీపులవాళ్లు కొందరు బొమ్మ తుపాకీల్లో వాడే 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లు పోసుకుంటారు, గోల్ఫ్ బంతులు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. పనిచేసే సూత్రం అదే. పంక్చరు షాపులో మాత్రం మీరు వివరించుకోవాల్సింది ఇంకా ఎక్కువ ఉంటుంది. పంక్చరు సీలెంట్‌నే బ్యాలెన్సింగ్ మందుగా అమ్మే మాటలు నమ్మొద్దు. అది రాత్రంతా కిందికి చేరి నిలబడుతుంది, పొద్దున్నే బయల్దేరితే అదే కొత్త బరువు తేడా.

రింగులు

హబ్బుకూ చక్రానికీ మధ్య బిగించే పళ్లెం లాంటి రింగు ఇది. దాని అంచు గొట్టంలో నూనె లాంటి ద్రవం, అందులో ఇనుప గుండ్లు ఉంటాయి. సెంట్రామాటిక్ అనే అమెరికా కంపెనీ పేరుతో ఎక్కువగా వినిపిస్తుంది. సూత్రం పూసలదే, కానీ టైరు లోపల ఏమీ ఉండదు. ముల్లు దిగినా, సీలెంట్ పోసినా, ఊరూపేరూ లేని షాపులో టైరు విప్పినా రింగుకు సంబంధం లేదు. టైర్లు మార్చినా అదే రింగు పనికొస్తుంది. బ్రేకు డిస్కులో ఉన్న బరువు తేడాను కూడా సర్దుతుంది. సూత్రప్రాయంగా మన తుమ్మముళ్ల నేలకు పూసల కంటే ఇదే సరిపోతుంది.

ఇబ్బంది దొరకడంలోనూ ధరలోనూ ఉంది. బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి, మీ హబ్బు కొలతకు సరిపోవాలి. చక్రం కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది కాబట్టి స్టడ్లు నట్ల లోపలికి ఎంత దూరం దిగుతున్నాయో చూసుకోకుండా బిగించకూడదు. సరిగా దిగకపోతే బ్యాలెన్సింగ్ మాట దేవుడెరుగు, చక్రమే పోతుంది. బురదలో బాగా దిగే బండికి రింగు వెనకాల రేగడి పేరుకుంటుంది, కడిగే అలవాటు ఉండాలి. వెడల్పు టైరు పక్క ఊగుడును ఇది కూడా పూర్తిగా తీయలేదు.

మిగతావి

చక్రాన్ని బండి మీదే తిప్పి బ్యాలెన్స్ చేసే పాత పద్ధతి ఇప్పుడు అరుదు. నాలుగు చక్రాలూ లాగే బండికి, డిఫరెన్షియల్ లాక్ (యాక్సిల్ రెండు చక్రాలూ కలిసే తిరిగేలా కట్టేసేది) ఉన్నదానికి అది ప్రమాదం కూడా. ఒక చక్రం గాల్లో తిరుగుతుంటే రెండోది బండిని స్టాండు మీద నుంచి తోసేయగలదు. నీటి బుడగ చూసి చేసే పద్ధతి ఎగురుడును మాత్రమే పట్టుకుంటుంది, వెడల్పు తక్కువున్న పాత జీపు టైరుకు సరే.

ఏమీ చేయించకపోవడం కూడా ఒక ఎంపికే. చెరువు గట్ల మీద మేత బస్తాలు మోసే బండి, పొలానికీ ఊరికీ మధ్య తిరిగే బండి 50 దాటదు. ముందు చెప్పిన లెక్క ప్రకారం అక్కడ లాగుడు నాలుగో వంతే. అలాంటి బండికి పూసలు కొనడం డబ్బు పారేసుకోవడం.

ఎవరికి ఏది

నెల్లూరులో ఉద్యోగం, నెలకు నాలుగుసార్లు చెన్నై, ఎప్పుడైనా సెలవు రోజున పెంచలకోన వైపు. ఇలా తిరిగే థార్‌కు మెషీన్ బ్యాలెన్సింగే. ముందు కోన్, ప్లేటు, సగం చుట్టు పరీక్ష చూసుకోవాలి. టైరు కూడా 31 దగ్గరే ఆపితే సగం సమస్యలు రావు. 33కు వెళ్లాక 'వణుకు లేకుండా కావాలి, మడ్ టైరే కావాలి, 120లో పోవాలి' అని మూడూ అడిగితే ఏ షాపూ ఇవ్వలేదు. మధ్యలో ఒక మాట: కంపెనీ చెప్పిన కొలతలకు మించి బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే వ్యవహారం. ఇన్సూరెన్సువాళ్లు ఆ సంగతి మరిచిపోరు.

చీమకుర్తి క్వారీకీ ఒంగోలుకూ మధ్య రోజూ తిరిగే క్యాంపరుకు మెషీన్ బ్యాలెన్సింగే, కానీ బరువులన్నీ రాయి తగలని లోపలి వైపు ఉండేలా చూసుకోవాలి. నెలకోసారి చక్రాలు విప్పి కడిగించే ఓపిక ఉంటే చాలు. పెద్ద చక్రాలతో, ఎక్కువ బరువుతో హైవే మీద ఎక్కువ దూరాలు పోయే బండ్లు నాలుగైదు ఉన్న యజమాని అయితే రింగుల ఖర్చు టైర్ల అరుగుదలలో కొంత తిరిగి వస్తుంది, ఆలోచించొచ్చు.

రొయ్యల రైతు బండి గట్ల మీదే ఉండి, నెల్లూరు టౌనుకు రావడానికే హైవే ఎక్కితే, కొత్త టైర్లు వేసినప్పుడు ఒకసారి మెషీన్ మీద చేయించి వదిలేయండి. ఆ తర్వాత వణుకు వస్తే ముందు అనుమానించాల్సింది రిమ్ము తుప్పును.

బీడ్‌లాక్ రిమ్ములు, 35 అంగుళాల టైర్లు వేసుకుని సెలవు రోజుల్లో వెలుగొండల అంచున రాళ్లెక్కే బ్యాచి మాత్రం పూసలకు సరైనవాళ్లు. వాళ్ల దగ్గర సొంత కంప్రెసరు ఉంటుంది, పంక్చరు తామే వేసుకుంటారు, టైరు విప్పితే ఏం కారుతుందో వాళ్లకు తెలుసు. హైవే మీద 80 దాటరు. పూసల నష్టాలన్నీ వాళ్ల దగ్గర సగానికి తగ్గిపోతాయి.

జిమ్నీవాళ్లు టైరు సైజు పెంచే ముందే బుష్షులు చూపించుకోవాలి. కంపెనీ 195/80 ఆర్15 టైరు వ్యాసం 27 అంగుళాల పైచిలుకే. అక్కడి నుంచి 30కి దూకితే పాత వదులంతా ఒకేసారి బయటపడుతుంది. బ్యాలెన్సింగ్‌కు డబ్బు పెట్టే వరస అక్కడ ఆఖరిది.

రెండు పద్ధతులూ కలపొచ్చా అని అడుగుతుంటారు. మెషీన్ మీద బరువులతో సున్నా చేసి, పైన రింగు వేసుకోవచ్చు, తప్పు లేదు. పూసలు వేసిన చక్రాన్ని మాత్రం మెషీన్ మీద ఎక్కించకండి. తిప్పిన ప్రతిసారీ ఒక్కో అంకె చూపిస్తుంది, షాపువాడికీ మీకూ మధ్య గొడవ తప్ప ఏమీ మిగలదు. కొన్నప్పుడే స్టెప్నీతో కలిపి ఐదు చక్రాలకూ ఒకే పద్ధతి చేయించుకోండి. స్టెప్నీని వదిలేస్తే పంక్చరు పడ్డ రోజున మళ్లీ ఇదే కథ.

షాపు నుంచి బయటికొచ్చాక మొదటి రోజు సంగతి. టైరు ఎక్కించడానికి రాసిన సబ్బు నీళ్లు పూర్తిగా ఆరడానికి సమయం పడుతుంది. ఆ లోపల గట్టిగా బ్రేకు కొట్టినా, ఒక్కసారిగా లాగించినా టైరు రిమ్ము మీద జారి, చేసిన బ్యాలెన్సింగ్ అంతా పోతుంది. ఇసుకలో గాలి తగ్గించి నడిపినప్పుడు కూడా ఇలాగే జారుతుంది. అందుకని షాపులోనే టైరు పక్క నుంచి రిమ్ము మీదికి సున్నంతోనో పెయింటుతోనో ఒక గీత గీయించుకోండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే వణుకు ఎందుకొచ్చిందో వెతకక్కర్లేదు, నేరుగా మెషీన్ దగ్గరికి వెళ్లొచ్చు. నట్లను గాలి తుపాకీతో వరుసగా బిగించనీయకుండా, చక్రం గాల్లో ఉండగానే ఎదురెదురుగా చేత్తో బిగించి, చివర్లో బండి దించి గట్టి చేయించండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి స్పానరు పెట్టి అన్నీ చూసుకోండి. కొత్త రిమ్ములకు ఆ మొదటి వంద కిలోమీటర్లలోనే నట్లు కాస్త వదులవుతాయి, అప్పుడు వచ్చే వణుకుకు బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించేవాళ్లు చాలామందే ఉన్నారు.